కుందేలుకి ఇంట్లోనే ట్రీట్స్: గడ్డి బిస్కెట్, ఎండు ఆకులు, మట్టి ముంత ఆట

ఇవాళ్టి ఎపిసోడ్ మొత్తం కుందేళ్ళ గురించే. ఇంట్లో ఆల్రెడీ కుందేలు ఉన్నవాళ్ళకి, త్వరలో తెచ్చుకుందాం అనుకుంటున్నవాళ్ళకి, ఇద్దరికీ పనికొస్తుంది. ఇంట్లో దొరికే వాటితోనే మూడు రకాల ట్రీట్స్ చేద్దాం. ఎండాకాలం కోసం ఇంకోటి ఎక్స్‌ట్రా. కొలతలు అన్నీ చెప్తాను, కావాలంటే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

రెసిపీల్లోకి వెళ్ళే ముందు ఒక ఐదు నిమిషాలు కుందేలు పొట్ట గురించి మాట్లాడుకోవాలి. ప్లీజ్, ఈ పార్ట్ స్కిప్ చేయకండి. ఎందుకంటే కుందేలు విషయంలో ప్రేమతో పెట్టిన తిండే దాని ప్రాణం మీదకి తేవచ్చు.

కుందేలు పొట్ట ఎలా పనిచేస్తుంది?

కుందేలు గడ్డి తినే జంతువు. ఇది మనందరికీ తెలుసు. కానీ ఆవులాగా నెమరువెయ్యదు. దాని పొట్టలో సీకం అని ఒక పెద్ద సంచి ఉంటుంది. చిన్నపేగు, పెద్దపేగు కలిసేచోట ఉంటుందన్నమాట. అందులో కోట్లకొద్దీ మంచి బ్యాక్టీరియా ఉంటాయి. తిన్న గడ్డిలోని సన్నటి భాగం ఈ సంచిలోకి వెళ్ళి పులుస్తుంది. అలా తయారైన మెత్తటి ముద్దల్ని సీకోట్రోప్స్ అంటారు. కుందేలు వాటిని బయటికి వస్తుండగానే నేరుగా నోటితో తీసుకుని మళ్ళీ తినేస్తుంది. చూసి "ఛీ" అనుకోకండి, దానికి విటమిన్లు, ప్రోటీన్ అందేది అలాగే. మనం రోజూ ఊడ్చి పారేసే గట్టి గుండ్రటి పెంటికలు వేరు, ఇవి వేరు.

మరి గడ్డిలోని పొడవాటి పీచు ఏమవుతుంది? అది అరగదు. కానీ పేగుల్ని కదిలించేది అదే. పీచు లోపలికి వెళ్తూ ఉంటే పేగు కదులుతూ ఉంటుంది. పీచు తగ్గి, పిండిపదార్థం, తీపి ఎక్కువైతే రెండు పనులు జరుగుతాయి. ఒకటి, పేగు స్లో అవుతుంది. రెండు, సీకంలో బ్యాక్టీరియా బ్యాలెన్స్ చెడిపోయి గ్యాస్ తయారవుతుంది. గ్యాస్ వల్ల నొప్పి. నొప్పి వల్ల తిండి మానేస్తుంది. తినకపోతే పేగు ఇంకా స్లో అవుతుంది. ఈ చక్రంలో చిక్కుకున్న కుందేలు ఒకట్రెండు రోజుల్లోనే చనిపోవచ్చు. దీన్నే జీఐ స్టేసిస్ అంటారు. ఇంకో విషయం, కుందేలు వాంతి చేసుకోలేదు. తప్పుడు తిండి ఒకసారి లోపలికి వెళ్ళిందంటే వెనక్కి వచ్చే దారి లేదు.

పళ్ళ సంగతి కూడా చూడండి. కుందేలు పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. ముందు పళ్ళు ఏడాదికి సుమారు 10 సెంటీమీటర్లు పెరుగుతాయి. గడ్డిని గంటల తరబడి నమిలితేనే అవి అరిగి సరైన సైజులో ఉంటాయి. మెత్తటి తిండితో ఆ పని జరగదు.

అందుకే పెద్ద కుందేలుకి రోజూ పెట్టే తిండిలో 80 శాతం పైన ఎండుగడ్డి గానీ పచ్చిగడ్డి గానీ ఉండాలి. మిగతాది ఆకుకూరలు, కొద్దిగా పెల్లెట్స్. ట్రీట్ అనేది వీటన్నిటి తర్వాత, చిటికెడు.

క్యారెట్ మాటేంటి మరి?

కుందేలు అనగానే మన కళ్ళ ముందుకి క్యారెట్ వచ్చేస్తుంది. దీని వెనక పెద్ద చేయి బగ్స్ బన్నీది. 1940లో వచ్చిన 'ఎ వైల్డ్ హేర్' కార్టూన్‌లోనే అది క్యారెట్ నములుతూ కనిపిస్తుంది. ఆ నమిలే స్టైల్ 1934 నాటి 'ఇట్ హ్యాపెన్డ్ వన్ నైట్' అనే హాలీవుడ్ సినిమాలో క్లార్క్ గేబుల్ క్యారెట్ తినే సీన్ నుంచి తీసుకున్నది. అంటే ఒక సినిమా జోక్ కార్టూన్‌లోకి వచ్చింది, కార్టూన్ నుంచి మన బుర్రల్లోకి వచ్చింది.

నిజానికి క్యారెట్ దుంపలో తీపి ఎక్కువ. కుందేలుకి అది ట్రీట్ మాత్రమే. పైన ఉండే ఆకులు మాత్రం మంచివి. రైతు బజార్‌లో ఆకులతో సహా క్యారెట్ దొరికితే దుంప మీరు తినండి, ఆకులు దానికి పెట్టండి.

పండ్లకి కొలత గుర్తుపెట్టుకోండి: కుందేలు బరువు కిలోకి ఒక టీస్పూన్, రోజుకి అంతకు మించొద్దు. 2 కిలోల కుందేలుకి రెండు టీస్పూన్లు. "ఒక అరటిపండుకి ఏమవుతుంది" అంటారా? ఈ లెక్క చూడండి. 100 గ్రాముల అరటిపండు 2 కిలోల కుందేలు బరువులో 5 శాతం. 60 కిలోల మనిషికి అది 3 కిలోల అరటిపండ్లు ఒక్క పూటలో తిన్నట్టు!

వంటింట్లో నుంచి పెట్టకూడనివి

మనం తినేది దానికి కూడా పెట్టడం మన ఇళ్ళల్లో అలవాటు. పక్కన కూర్చుని ముద్దుగా చూస్తుంటే చేయి ఆగదు. కానీ ఇవి మాత్రం వద్దు:

– అన్నం, చపాతీ, బ్రెడ్, మరమరాలు, బిస్కెట్లు. అన్నీ పిండిపదార్థమే.
– పాలు, పెరుగు. పెద్ద కుందేలుకి పాలు అరగవు. పెట్ షాపుల్లో దొరికే యోగర్ట్ డ్రాప్స్ కూడా ఇదే లిస్టు.
– పల్లీలు, శనగలు, ఎండిన మొక్కజొన్న గింజలు.
– బెల్లం, తేనె, చక్కెర. తేనె పూసి గింజలు అతికించిన రంగురంగుల స్టిక్స్ కూడా.
– ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్, అవకాడో, పచ్చి బంగాళాదుంప, టమాటా మొక్క ఆకులు. ఇవి విషంతో సమానం.
– ఆపిల్ పెడితే గింజలు తీసేసి పెట్టండి.

ఇంట్లో పెంచే మొక్కల్లో మనీ ప్లాంట్, కలబంద, డైఫెన్‌బాకియా, లిల్లీ దానికి అందకుండా పెట్టాలి.

మన పండగతో ముడిపడిన జాగ్రత్త ఒకటుంది. వినాయక చవితికి పత్రి తెస్తాం కదా. అందులో గరిక ఉంటుంది, అది కుందేలుకి చాలా మంచిది. కానీ అదే కట్టలో గన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు కూడా ఉంటాయి. ఆ మూడూ విషమే. పూజ అయ్యాక "ఆకులే కదా" అని పత్రి మొత్తం తీసుకెళ్ళి కుందేలు ముందు పెట్టకండి. పత్రిలో కలిసిన గరికని ఏరి పెట్టే ప్రయత్నం కూడా వద్దు. విడిగా కొన్న గరిక కట్ట అయితే శుభ్రంగా కడిగి పెట్టండి.

సరే, ఇక చేయడం మొదలుపెడదాం.

ట్రీట్ 1: ఎండబెట్టిన ఆకుల మిక్స్

అన్నిటికంటే ఈజీ, అన్నిటికంటే సేఫ్. కావాల్సినవి కొత్తిమీర ఒక కట్ట, పుదీనా ఒక కట్ట. దొరికితే క్యారెట్ ఆకులు, ముల్లంగి ఆకులు. ఇంట్లో చెట్టు ఉంటే మందార పువ్వులు, మందులు కొట్టని గులాబీ రేకులు. పువ్వుల షాపులో కొన్న గులాబీలు వద్దు, వాటి మీద ఏం కొట్టారో మనకి తెలీదు.

మార్కెట్ ఆకుల్ని పారే నీళ్ళలో రెండు మూడుసార్లు కడగండి. పొడి గుడ్డ మీద పరిచి తడి మొత్తం పోనివ్వండి. తర్వాత గాలి తగిలే నీడలో, పైన పల్చటి గుడ్డ కప్పి ఆరబెట్టండి. మన ఎండాకాలంలో రెండు మూడు రోజులు చాలు. నేరుగా ఎండలో పెడితే రంగు, వాసన పోతాయి. కుందేలుకి నచ్చేది ఆ వాసనే. చేత్తో నలిపితే కరకరమని పొడి అయిపోవాలి, అదే టెస్ట్. వంగితే ఇంకా తడి ఉన్నట్టే.

గాజు సీసాలో మూత గట్టిగా పెట్టి దాచుకోండి. వర్షాకాలంలో మాత్రం జాగ్రత్త, తేమకి బూజు పడుతుంది. చిన్న బూజు వాసన వచ్చినా మొత్తం పారేయండి, "పైది తీసేసి వాడదాం" అనొద్దు. రోజుకి రెండు చిటికెలు గడ్డి మీద చల్లితే చాలు. గడ్డి సరిగ్గా తినని కుందేళ్ళు కూడా ఈ వాసనకి గడ్డిలో మూతి పెట్టి వెతకడం మొదలుపెడతాయి.

ట్రీట్ 2: గడ్డి బిస్కెట్

ఇది కాస్త పని ఉన్న ఐటమ్. కొలతలు రాసుకోండి:

– ఎండుగడ్డి పొడి అర కప్పు. టిమోతీ హే అయినా, బాగా ఎండిన గరిక అయినా ఓకే. కత్తెరతో ముక్కలు చేసి మిక్సీలో వేయండి.
– మీ కుందేలు రోజూ తినే పెల్లెట్స్ పొడి, పావు కప్పు.
– సన్నగా తరిగిన కొత్తిమీర లేదా పుదీనా, 2 టేబుల్ స్పూన్లు.
– బాగా మగ్గిన అరటిపండు గుజ్జు, 1 టేబుల్ స్పూన్. ముద్ద అతుక్కోవడానికే ఇది.
– నీళ్ళు 3 లేక 4 టేబుల్ స్పూన్లు, కొంచెం కొంచెంగా.

మైదా, గోధుమపిండి, నూనె, ఉప్పు, చక్కెర ఏవీ వద్దు. అన్నీ కలిపి పది నిమిషాలు పక్కన పెట్టండి, పెల్లెట్ పొడి నీళ్ళు పీల్చుకుని ముద్ద దగ్గర పడుతుంది. రెండు ప్లాస్టిక్ కవర్ల మధ్య పెట్టి, అర సెంటీమీటర్ కంటే పల్చగా ఒత్తండి. వాటర్ బాటిల్ మూతతో చిన్న బిళ్ళలు కోయండి. సుమారు 30 వస్తాయి అనుకుంటే, ఒక్కో బిస్కెట్‌లో అరటిపండు టీస్పూన్‌లో పదో వంతే పడుతుంది. మనకి కావాల్సింది అదే.

ఓవెన్ ఉంటే 150 డిగ్రీల దగ్గర 25 నుంచి 30 నిమిషాలు. ఆపేశాక కూడా ఒక గంట లోపలే వదిలేయండి, మిగిలిన తడి పోతుంది. ఓవెన్ లేకపోతే కేక్ చేసినట్టే: మందపాటి గిన్నెలో స్టాండ్ పెట్టి, దాని మీద బిస్కెట్ల ప్లేటు, పైన మూత, బాగా సన్న మంట మీద అరగంట నుంచి నలభై నిమిషాలు. మధ్యలో ఒకసారి తిప్పండి. మాడనివ్వద్దు. చివర్లో గుడ్డ కప్పి ఎండలో పెడితే గట్టిపడతాయి. విరిస్తే టక్‌మని విరగాలి. మూత ఉన్న డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి, వారంలోపు అవగొట్టండి.

ఎన్ని పెట్టాలి? 2 కిలోల కుందేలుకి రోజుకి ఒకటి. కిలో ఉన్న దానికి సగం. రోజూ పెట్టాలని రూల్ ఏం లేదు, వారానికి మూడు నాలుగు సార్లు అయినా చాలు. బిస్కెట్ పెట్టిన రోజు పండు పెట్టొద్దు.

ఇక్కడ ఒక పాయింట్ చాలామంది మిస్ అవుతారు. "బిస్కెట్ చేసింది గడ్డితోనే కదా, మరి ఎక్కువ పెడితే తప్పేంటి?" అని డౌట్ వస్తుంది. ఇందాక చెప్పుకున్నాం, పేగుని కదిలించేది పొడవాటి పీచు. మిక్సీలో వేశాక ఆ పొడవు పోయింది. పళ్ళు అరగడానికి కావాల్సిన నమలడం కూడా పోయింది. కాబట్టి గడ్డి బిస్కెట్ అనేది గడ్డి కాదు, గడ్డితో చేసిన ట్రీట్ మాత్రమే. బిస్కెట్లతో పొట్ట నిండిపోయి అసలు గడ్డి మానేస్తే మళ్ళీ మొదటికే వస్తాం.

ట్రీట్ 3: మట్టి ముంత ఆట

కుందేలు ఖాళీగా ఉంటే ఛార్జర్ వైర్లు కొరుకుతుంది, సోఫా చింపుతుంది. అడవిలో అయితే దాని టైమ్‌లో ఎక్కువ భాగం తిండి వెతుక్కోవడంలోనే పోతుంది. ఇంట్లో గిన్నెలో పెట్టేస్తే ఆ పని ఉండదు. ఆ వెతుకులాటని మనం తిరిగి ఇద్దాం.

కుండల షాపులో దొరికే చిన్న మట్టి ముంత తీసుకోండి. రంగు, పాలిష్ లేనిది కావాలి. కడిగి ఆరబెట్టి, అడ్డంగా పడుకోబెట్టండి. లోపల ఎండుగడ్డి బాగా కుక్కి, మధ్యలో మనం ఎండబెట్టిన ఆకులు, ఒక అర బిస్కెట్ దాచండి. అంతే. కుందేలు గడ్డి లాగుతూ, లాగుతూ తింటుంది. ముంత మూతి మాత్రం చూసుకోండి, తల ఇరుక్కునేంత ఉండకూడదు. బాగా పెద్దదైనా ఉండాలి, మూతి మాత్రమే పట్టేంత చిన్నదైనా ఉండాలి.

ముంత లేకపోతే టిష్యూ రోల్ అయిపోయాక మిగిలే అట్ట గొట్టం ఉంది కదా, అది వాడండి. టేపు, జిగురు, స్టేపుల్ పిన్ ఉండకూడదు. కొరకడానికి మల్బరీ కొమ్మలు, జామ కొమ్మలు కూడా బాగుంటాయి. మందులు కొట్టని చెట్టువి అయితేనే.

ఎండాకాలం స్పెషల్

కుందేలుకి చలి కంటే ఎండ ప్రమాదం. మనలా చెమట పట్టదు, ఒంట్లో వేడిని ఎక్కువగా చెవుల ద్వారా బయటికి పంపుతుంది. 30 డిగ్రీలు దాటితేనే ఇబ్బంది మొదలు. మరి మన ఏప్రిల్, మే నెలల్లో 40 దాటుతుంది. అందుకని ఐస్ ట్రేలో నీళ్ళు పోసి, ఒక్కో గడిలో రెండు పుదీనా ఆకులు వేసి గడ్డకట్టించండి. ఒక క్యూబ్‌ని దాని నీళ్ళ గిన్నెలో వేస్తే చాలు. ఆకుకూరలు కడిగాక తుడవకుండా తడిగానే పెట్టండి, నీళ్ళు కూడా లోపలికి వెళ్తాయి. పక్కన గడ్డకట్టిన వాటర్ బాటిల్‌ని గుడ్డలో చుట్టి పెడితే దానికి ఆనుకుని పడుకుంటుంది. బాగా రొప్పుతూ, చెవులు కాలిపోతూ, కదలకుండా పడి ఉంటే అది వడదెబ్బ. చెవుల్ని చల్లటి నీళ్ళతో తడుపుతూ వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి.

అన్నిటికంటే ముఖ్యమైన ఉపయోగం

ఇప్పుడు చెప్పేది మాత్రం బాగా గుర్తుపెట్టుకోండి. కుందేలు వేటాడే జంతువులకి ఆహారం అయ్యే జీవి. అందుకే నొప్పి ఉన్నా బయటికి చూపించదు. కుక్కలా అరవదు, పిల్లిలా మ్యావ్ అనదు. మూలన కూర్చుంటుంది, మనం "నిద్రపోతోందిలే" అనుకుంటాం. మనకి తెలిసేసరికి లేట్ అయిపోతుంది.

ట్రీట్ ఇక్కడే పనికొస్తుంది. కుందేళ్ళు పొద్దున్నే, సాయంత్రం చురుగ్గా ఉంటాయి. రోజూ ఒకే టైమ్‌కి, ఒకే చోట, చేత్తో ఒక చిన్న ట్రీట్ ఇవ్వండి. డబ్బా మూత చప్పుడుకే పరిగెత్తుకు వస్తుంది చూడండి. అలా రోజూ వచ్చేది ఒకరోజు రాలేదు, లేదా వచ్చి వాసన చూసి వెళ్ళిపోయింది అంటే అది మీకు దొరికిన మొదటి సిగ్నల్. వెంటనే ఇవి చెక్ చేయండి: గడ్డి తిందా? పెంటికలు వేసిందా? వేస్తే సైజు చిన్నగా అయ్యాయా? ఒళ్ళు ముడుచుకుని కూర్చుందా? పళ్ళు గట్టిగా పటపట కొరుకుతోందా?

ఇలాంటివి కనిపిస్తే ఆలస్యం చేయకుండా వెట్‌కి ఫోన్ చేయండి. 12 గంటలు తినకపోయినా, పెంటికలు వేయకపోయినా అది ఎమర్జెన్సీ. "రేపు పొద్దున చూద్దాం" అనే మాటే వద్దు. మనం వాడే గ్యాస్ మందులు, వాము నీళ్ళు లాంటివి సొంతంగా పట్టించకండి.

చాలా క్లినిక్‌లు కుక్కలు, పిల్లుల్ని మాత్రమే చూస్తాయి. కాబట్టి కుందేళ్ళని చూసే డాక్టర్ ఎవరో ఇప్పుడే కనుక్కుని నంబర్ ఫోన్‌లో సేవ్ చేసుకోండి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో, తిరుపతిలో వెటర్నరీ కాలేజీలు ఉన్నాయి, దగ్గర్లో ఉన్నవాళ్ళు అక్కడ కూడా అడగొచ్చు.

ఎక్కువగా వచ్చే డౌట్లు

పిల్ల కుందేలుకి పెట్టొచ్చా? మూడు నెలల లోపు ఈ ట్రీట్స్ ఏవీ వద్దు. గడ్డి, పెల్లెట్స్ చాలు. ఆ తర్వాత ఆకులతో మొదలుపెట్టండి.

లూసర్న్ గడ్డితో బిస్కెట్ చేయొచ్చా? ఆరు నెలల లోపు పిల్లలకి లూసర్న్ మంచిదే. పెద్దవాటికి అందులో క్యాల్షియం, ప్రోటీన్ ఎక్కువ, మూత్రం సమస్యలు వస్తాయి. గరిక, టిమోతీ బెటర్.

వరిగడ్డి సంగతేంటి? కింద పరుపులా వేయడానికి ఓకే, కొరికినా పర్లేదు. కానీ పోషకాలు తక్కువ, దాని మీదే బతకమంటే కుదరదు.

పాలకూర, తోటకూర? వీటిలో ఆక్సలేట్లు ఎక్కువ. రోజూ వద్దు, అప్పుడప్పుడు రెండు ఆకులు.

కొత్తది ఏది పెట్టినా ఒకసారికి ఒకటే, కొంచెమే. 24 గంటలు పెంటికలు చూడండి. మెత్తబడితే ఆపేయండి, విరేచనాలు అయితే మాత్రం నేరుగా డాక్టర్ దగ్గరికే.

ఇదీ ఫ్రెండ్స్ ఇవాళ్టి ఎపిసోడ్. ముందు ఆకుల మిక్స్‌తో మొదలుపెట్టండి, ఖర్చు రెండు కట్టల ఆకుకూర అంతే. కుందేలు ఉన్న ఫ్రెండ్ ఎవరైనా ఉంటే ఈ పేజీ వాళ్ళకి పంపండి. వాళ్ళింట్లో అన్నం, బిస్కెట్లు పెడుతుంటే ఇవాళే ఆపుతారు.